పొరుగు చూచి ఇల్లు

గడచిన నెలలో ఒక సాయంకాలము మా వీధి చివర కాపురముండు సోదరి యొకతె చేత సెల్‌ఫోను పట్టుకొని మా యింటికి వచ్చినది. ఆమె పెనిమిటి మస్కటు నగరమున లెక్కలు వ్రాయు ఉద్యోగమునకు పోయి నాలుగు మాసములైనది. కుటుంబమును పిలిపించుకొనుటకు ఇప్పుడు అనుమతి దొరకినదట. "ఇల్లు కుదిరింది అక్కా, చూడు ఎంత మంచిగున్నదో" అని ఒకదాని వెంట నొకటిగా ఛాయాచిత్రములు చూపినది. తెల్లని నున్నని నేల, గోడ పొడవున బీరువాలు, వంటింట పొగ పీల్చు యంత్రము, స్నానపుగదిలో వేడినీళ్ల యేర్పాటు. మొత్తము పదునాలుగు చిత్రములు. ఆ పదునాలుగింటిలో కిటికీనుండి బయటికి తీసినది ఒక్కటియు లేదు.

మే మా మాటయే అడిగితిమి. ఇంటి ముందర ఏమున్నదమ్మా యని. ఆమెకు తెలియదు. ప్రక్క వాటాలో ఎవరుందురు? తెలియదు. పాలు, కూరలు నడిచిపోయి తెచ్చుకొను దూరమున దొరకునా? పాపము, ఆమె మొగము చిన్నబోయినది.

హనుమకొండలో ఒక కిరాయి యిల్లు విడిచి మరియొక కిరాయి యింటికి మారవలసివచ్చినచో మన మెంత విచారింతుము! నల్లా నీళ్లు ఏ వేళకు వచ్చును, ఇంటివారు ఎట్టివారు, బడి యెంతదూరము, పైవాటాలో పిల్లలున్నారా, ఇవి తెలియక ఒక్క నెల కిరాయియైనను ముందుగా చేతిలో పెట్టము. అట్టి మనమే సముద్రము దాటి పోవునపుడు మాత్రము నేలను, గోడలను చూచి సమ్మతించి ఊరకుందుము. ఆ సోదరిని తప్పుపట్టుటకు మాకు నోరు లేదు. తొమ్మిదవ తరగతిలెక్కలు తడుముకొనకుండ చెప్పు మా వారును, భారత భాగవతములు చదివితిమని మురియు మేమును, ఇరువురము ఆ పొరబాటునే చేసితిమి.

మా వారు గణితోపాధ్యాయులు. 2016వ సంవత్సరమున మస్కటులోని భారతీయ పాఠశాలలలో ఒకదానియందు వారికి ఉద్యోగము దొరకినది. ఒమాను దేశమున మనదేశపు పాఠ్యక్రమమును బోధించు ఇట్టి బడులు ఇరువది వరకు కలవు. దార్సైతు పేటలోని ఇండియన్ స్కూల్ మస్కటు 1975లోనే వెలసినది. మా వారు కొలువు చేసినది అది కాదు. ఆ బడి పేరుతో ఈ కథకు పనియును లేదు. మామగారి వైద్యమునకు చేసిన అప్పు మిక్కిలిగా నుండినది. మామగారు దక్కలేదు, అప్పు మిగిలినది. అది తీర్చవలెననియే ప్రయాణము. మార్చి నెలలో వారు ముందుగా పోయి, వేసవి సెలవులకు వచ్చి, ఆగస్టు నెలలో మమ్మును, ఆరేండ్ల అమ్మాయిని, రెండు నిండని చిన్నవానిని వెంటబెట్టుకొని పోయిరి. హైదరాబాదునుండి విమానము మూడుగంటల పైచిలుకులో దింపివేసినది. గడియారమును గంటన్నర వెనుకకు త్రిప్పుకొనుడని చెప్పిరి. అంత దగ్గరయా యని ఆశ్చర్యపడితిమి.

మస్కటు అనగానే ఒక ఊరు అని యనుకొందుము. అది కొండలకును సముద్రమునకును నడుమ దారమున గ్రుచ్చిన పూసలవలె సాగిన పేటల వరుస. తూర్పుకొసను పాత మస్కటు, మత్రా, రువీ, దార్సైతు, పడమరకు పోయినకొలది ఖురం, ఖువైరు, ఘుబ్రా, సీబు, కడపట మబేలా. రువీనుండి మబేలాకు నలువది కిలోమీటరులకు పైమాటయే. మన హనుమకొండనుండి బయలుదేరి స్టేషను ఘనపురము దాటి పోయినంత దూరము ఒకటే నగరము క్రింద లెక్క! మా వారి బడి తూర్పున నున్నది. వారు కుదిర్చిన యిల్లు మబేలాలో నున్నది. కారణము స్పష్టమే. తూర్పుపేటలలో 220 రియాలులకు దొరకు రెండుగదుల వాటాకంటె మబేలాలో 150 రియాలులకు దొరకిన వాటా పెద్దది, క్రొత్తది. ఉపాధ్యాయులను తీసికొనిపోవు బండి ఆ త్రోవను వచ్చును. నెలకు 70 రియాలుల మిగులు. ఆనాటి మారకమున ఇంచుమించు పండ్రెండువేల రూపాయలు. అప్పుపడినవారికి ఆ యంకె ఎట్లు కనబడునో అప్పుపడినవారికే తెలియును.

ఉదయము ఐదున్నరకు తండ్రియు కూతురును బండి యెక్కి పోవుదురు. మరల మూడుగంటలకు వత్తురు. తొమ్మిదిన్నర గంటలకాలము ఆ యింట ఉండువారము చిన్నవాడును మేమును. వీధిలో ఇండ్లు లేవనరాదు; కలవు. ప్రతి యింటికిని నిలువెత్తు ప్రహరీ, ఇనుపతలుపు, లోపల కారు. ఇండ్లకు నడుమ ఇసుకనేలలు. కాలిబాట లేదు. దుకాణము పెద్దరస్తాకు ఆవలిప్రక్క నున్నది. ఆ రస్తాను పిల్లవాని నెత్తుకొని దాటుట యనిన ప్రాణములతో ఆట. 2015 నవంబరులోనే మువాసలాత్ అను ప్రభుత్వ బస్సులు రువీ మబేలాల నడుమ నడువ నారంభించినవి. మంచి బస్సులు, చల్లనివి. కాని బస్సు ఆగుచోటికి ఇంటినుండి చేరుటకు ఆ యెండలో అరగంట పట్టును. ఆ దేశపు ఎండ సంగతి చెప్పవలెననిన, 2018 జూను 26వ తేదీన మస్కటుకు దిగువనున్న ఖురియాతు అను తీరపుటూర రాత్రి యంతయు గడచినను వేడిమి 42.6 డిగ్రీలకు తగ్గలేదు. మన రామగుండపు మే నెల మధ్యాహ్నమును అర్ధరాత్రి తెచ్చిపెట్టినట్లు.

మా బడిచదువు కొంచెమే. తాతగారి యొద్ద ఇంటనే భారత భాగవతములు చదివినవారము. కావున ఏ కష్టము వచ్చినను మొదట ఆ కథలే తలపునకు వచ్చును. అజ్ఞాతవాసమునకు ఏ దేశము తగునని పాండవులు ఆలోచించిన ఘట్టము విరాటపర్వారంభమున నున్నది. అర్జునుడు పెక్కు దేశముల పేరులు చెప్పును. ధర్మరాజు వానిలో మత్స్యదేశమును ఎన్నుకొనును. విరాటుడు ధర్మపరుడు, దాత, వయసుచెల్లినవాడు, తమయెడ ఆదరము కలవాడు. అన్నియు మంచి కారణములే. ద్రౌపది అచట ఏ తీరున మెలగునను ప్రశ్న చోటు నిశ్చయమైన తరువాత గాని రాదు. రాజు మంచివాడే, దేశమును మంచిదే. కాని ఆమె దినములు గడపవలసినది రాజసభలో కాదు, సుదేష్ణ యంతఃపురమున. ఆ యింట కీచకుడొక డున్నాడని ఆలోచనసభలో ఎవ్వరును విచారింపలేదు. ఇది చిన్ననాడు చదివినపుడు మాకు తోచలేదు. మబేలాలో వంటింటి కిటికీకడ నిలుచుండి ఎదుటి ప్రహరీని చూచుచుండ తోచినది. మా పొరుగున కీచకులు లేరు. మనుష్యులే కనబడరు, అది మా బాధ.

అమ్మాయి బడినుండి వచ్చి మొదటి వారమంతయు మాటలాడుచుండెను. తరువాత తగ్గించినది. మూడవ నెలలో ఒకనాడు అది గోడ కెదురుగా కూర్చుండి తన రెండు చేతులకును పేరులు పెట్టి, ఒక చేతితో మరియొక చేతిని ఆటకు పిలుచుచుండ చూచితిమి. మా వారితో చెప్పలేదు. చెప్పిన ఏమందురో తెలియును. చెప్పకపోవుట మా తప్పే.

నవంబరు నెలలో ఒక ఉదయము పదునొకండు గంటలవేళ చిన్నవానికి జ్వరము హెచ్చి ఒడలు బిగిసికొనిపోయెను. కన్నులు పైకి పోయినవి, కాళ్లు చేతులు కొట్టుకొనుచున్నవి. మే మటువంటిది మునుపు చూచి యెరుగము. మా వారికి ఫోను చేసితిమి. తరగతిలో నున్నారు గనుక అది మూతపడియున్నది. బడికి చేసితిమి. ఎత్తిన యామె ఓర్పుగా, "మీ ఇల్లు ఎక్కడమ్మా, బండి పంపిస్తాము" అని హిందీలో అడిగెను. అప్పుడు తెలిసినది, మా యింటి గుర్తు మాకు తెలియదని! ఆ దేశమున తపాలా ఇంటికి రాదు; తపాలా కచేరీలోని పెట్టెకు వచ్చును. కనుక నిత్యవ్యవహారమున ఇంటినంబరుతో పని పడదు. ఫలాన మందులదుకాణము వెనుక, ఫలాన మసీదు ప్రక్క అని చెప్పుకొందురు. మా యింటి దగ్గర మందులదుకాణమును లేదు, చెప్పుకొనదగిన గుర్తు ఏదియు లేదు. ఆపదలో పిలువవలసిన అంకె 9999 అనియు మాకు ఎవ్వరును చెప్పియుండలేదు, మే మడిగియు నుండలేదు.

పిల్లవానిని భుజమున వేసికొని చెప్పులు లేక వీధిలోనికి పరుగెత్తితిమి. మొదటి ఇనుపతలుపు కొట్టితిమి, పలుకలేదు. రెండవది పలుకలేదు. మూడవ యింట ఒక ముసలమ్మ తలుపు తీసినది. ఆమె యేమి చెప్పెనో మాకు తెలియదు, మే మేమి చెప్పితిమో ఆమెకు తెలియదు. పిల్లవానిని చూచినది, మా చేయి పట్టుకొన్నది, లోపలికి కేకవేసినది. ఆమె కుమారుడు కారు తీసెను. ఆరోగ్యకేంద్రము చేరులోపలనే కుదుపులు ఆగిపోయినవి. ఆరు మాసములనుండి ఐదేండ్ల లోపు పిల్లలలో కొందరికి తీవ్రజ్వరమున ఇట్లు మూర్ఛవంటిది వచ్చుననియు, చాలవరకు కొద్ది నిమిషములలో తగ్గుననియు, బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెనే గాని నోటిలో ఏమియు పెట్టరాదనియు, ఐదు నిమిషములు దాటినచో ఆలసింపక ఆసుపత్రికి తేవలెననియు వైద్యురాలు చెప్పెను. తల్లులైనవారి కిది యెచ్చటనైనను పనికివచ్చునని వ్రాయుచున్నాము.

ఆ ముసలమ్మ ఆ సాయంకాలము ఖర్జూరములును, గోధుమయు మాంసమును కలిపి వండిన జావవంటి దొకటియు పంపినది. మేము శాకాహారులమని చెప్పుటకు మాటలు రాక ఖర్జూరములు తిని, గిన్నె కడిగి, అందులో పులిహోర పోసి పంపితిమి. మూడు నెలలుగా ఆమె మాకు మూడిండ్ల దూరముననే యుండెను. ఈ సంగతిని మేము తరచుగా తలచుకొందుము. తప్పంతయు ఆ పేటదేనని చెప్పిన అన్యాయమగును. కారు నడుపనేర్చి, నాలుగు అరబ్బీమాటలు వచ్చిన స్త్రీకి మబేలా మంచి నివాసమే కావచ్చును. మాకు ఆ రెండును లేవు.

ఆ రాత్రి మా వారును మేమును మాటాడుకొన్నాము. జగడమనియే చెప్పవచ్చును. "నెలకు డెబ్బది రియాలులు ఎక్కువైన అప్పు ఎన్నడు తీరును?" అని వారు. "తీరువరకు మేము మనుషులుగా మిగులవలెను గదా" అని మేము. అత్తగారు హనుమకొండలో ఆ పాత పెంకుటింట ఒంటరిగా నున్నారు. వానకు కారుచున్న కప్పును ఆ యేడు నేయింపవలెననియు అనుకొంటిమి. మేము ఇల్లు మారినచో కప్పు వాయిదా పడును. ఈ మాట మా వారు అనలేదు. అనకపోయినను ఇరువురకు తెలియును. తెల్లవారినపిదప వారు, "ఈసారి నీవే చూడు. నేను వెంట వచ్చెదను, మాటాడను" అనిరి. మాటాడకుండ ఉండలేదు గాని చాలవరకు నిలుపుకొన్నారు.

శుక్రవారము ఆ దేశమున సెలవు. మూడు శుక్రవారములు తిరిగితిమి. మొదట చూపినది వాదీకబీరు అను పేటలో. ఇల్లు బాగున్నది, కిరాయి తక్కువ. మేము మధ్యవర్తిని పేరునకు అర్థ మడిగితిమి. వాది యనగా వాగు, కబీరు అనగా పెద్ద. పెద్దవాగు! ఆ దేశమున వాగులు ఏడాదిలో ఎక్కువదినములు ఎండియే యుండును, పిల్ల లందులో బంతులాడుదురు. కాని కొండమీద వాన పడినచో గడియలో ముంచివేయును. 2007 జూనులో గోను తుపాను వచ్చినపుడు మస్కటు పేటలు పెక్కు నీటిపాలైనవి. ఆ వీధిమొగదల కిరాణాదుకాణపు మలయాళీ పెద్దమనిషి తన దుకాణము గోడమీద నడుమునకు పైన చేయిపెట్టి "ఇంతవరకు" అని చూపెను. మేము నడచి వచ్చితిమి. ఎండిన వాగును చూచి భయపడుచున్నామని మా వారు నవ్విరి. కాకతీయుల కాలమునుండి చెరువులక్రింద బ్రదుకుచున్న ఊరివారమై యుండియు ఊరిలోని నీటిత్రోవలను మరచినవారము మనము. 2020 ఆగస్టులోను, మరల 2023 జూలైలోను హనుమకొండ నయీంనగరు నాలా పొంగి ఇండ్లలోనికి నీరు చొచ్చినది. ఆ 2023లోనే భద్రకాళి చెరువుకట్టకు గండి పడినది. అప్పుడు మా వారు నవ్వలేదు.

రెండవది రువీలో, దుకాణముల పైవాటా. అన్నియు కాలిదూరములోనే కలవు. కాని క్రిందివాటాలో గదికి ఎనమండుగురు చొప్పున కుటుంబములు లేని పనివాండ్రు. అచట పెక్కు భవనములకు "కుటుంబములకు మాత్రమే" అని పలక కట్టుదురు, దీనికి కట్టలేదు. మధ్యవర్తి గొంతు తగ్గించి వారిని గూర్చి ఏమేమో చెప్పబోయెను. మేము వినలేదు. వారిలో జగిత్యాల, సిరిసిల్ల పిల్లవాండ్రు కలరు. మా తెలుగు విని మెట్లమీదినుండి లేచి నిలుచుండి దారి యిచ్చిరి. ఇంటికి ఏండ్ల తరబడి రూపాయలు పంపుచు తమ బిడ్డలను ఫోనులోనే చూచుకొనువారు. వారివలన మాకు భయము కలుగలేదు. ఆ యింటిని వద్దనుటకు కారణము వేరు. రాత్రి తొమ్మిదిగంటలకు మరల పోయి చూచితిమి. కిటికీక్రింద సరకులబండ్లు దించుచున్నారు. అది రెండుగంటలవరకు సాగునట. పగటివేళ నిశ్శబ్దముగా నున్న యిల్లు రాత్రి యెట్లుండునో చూడకయే ఒడంబడిక వ్రాయువారు అనేకులు.

మూడవది దార్సైతులో. దానిని చూచుటకు మేము శుక్రవారము పోలేదు. సెలవునాడు ఏ వీధియైనను నిండుగానే యుండును. బుధవారమునాడు చిన్నవానిని చంకబెట్టుకొని బస్సులో రువీకి పోయి, అచటనుండి నడచి ఉదయము పదిగంటలకు చేరితిమి. తలుపుతాళము తీయువాడు ఇంకను రాలేదు. మంచిదే యాయెను. ఎదుటి మెట్లమీద కూర్చుండి వీధిని చూచితిమి. వసారాలలో చీరలు ఆరవేసియున్నవి. రెండు గడపలయందు ముగ్గు. తలుపులముందు పిల్లల చెప్పులు, చిన్నసైకిళ్లు. ఒక గుజరాతీ ముదుసలి కొత్తిమిరకట్ట చేతబట్టుకొని తన తోడివారితో నిలుచుండి మాటాడుచున్నది. కొత్తిమిరకట్ట వాడువరకు మాటాడుటకు వీలున్న వీధి యది! క్రింద వైద్యుని గది, ప్రక్కన కూరలదుకాణము, నడిచిపోదగిన దూరమున కృష్ణమందిరము, ఇండియన్ సోషల్ క్లబ్బు. చిన్నవాడు దిగి పోయి ఎవరిదో సైకిలు పట్టుకొన్నాడు, ఎవరో పిల్లవాడు ఏడ్చినాడు, ఆ తల్లి బయటికి వచ్చినది. ఆమె కన్నడము, మేము తెలుగు. తాళము వచ్చులోపల చాయ త్రాగితిమి.

ఇల్లు చూచితిమి. చిన్నది. వంటింట ఇద్దరు నిలుచుటకు చోటు లేదు. రంగు పెచ్చులూడినది. మబేలా యింటి ముందుగది యంతలో ఈ యిల్లంతయు ఇమిడిపోవును. ఒడంబడిక ముగియకుండ పాత యిల్లు వదలినందుకు రెండునెలల కిరాయి పోగొట్టుకొన్నాము. ఆ యింటి యజమాని ఎంతమాత్రము కనికరింపలేదు. కాగితము మీద సంతకము చేయునపుడు మధ్యలో వదలిన ఏమగునని అడుగవలెనని ఆ విధముగా నేర్చుకొన్నాము.

చేరిన మొదటిదినమున చేసిన పని యొకటి చెప్పెదము. ఎదుటివైద్యుని గదిలోని ఈజిప్టు దేశపు నర్సుచేత మా యింటి గుర్తును, వీధి అంకెను, భవనపు అంకెను అరబ్బీలోను ఇంగ్లీషులోను వ్రాయించి తలుపు వెనుక అతికించితిమి. క్రింద 9999. ఇంగ్లీషులో చెప్పవలసిన ఆ మూడు వాక్యములను తెలుగు లిపిలో వ్రాసికొని కంఠస్థము చేసితిమి. అమ్మాయిచేతను చేయించితిమి.

అటుపిమ్మట అంతయు సుఖమే యని వ్రాసిన అబద్ధము. ఇరుగుపొరుగు దగ్గరైనకొలది చెవులును దగ్గరగును. మా వారి జీతమెంతో మాకంటె ముందు పైవాటావారికి తెలియును. మనవారు నలుగురు చేరినచోట బంగారపు మాట రాక మానదు. పండుగకు పండుగకు ఎవరి మెడలో ఏమి పెరిగినదో లెక్క. అప్పు తీర్చుకొనుటకు పోయిన మాబోటివారికి అది యొక నిత్యపరీక్ష. చిన్నవానికి తెలుగుకంటె ముందు మలయాళము వచ్చినది. వానికి ఆకలి యగుటయు అలుగుటయు మలయాళముననే. సోషల్ క్లబ్బులోని తెలుగుశాఖవారు ఉగాదికి పిలిచినపుడు వాడు పచ్చడి రుచిచూచి మలయాళమున ఏడ్చినాడు. అయినను అమ్మాయి తన చేతులకు పేరులు పెట్టుట మానినది. ఎన్నడు మానినదో మేము గమనింపలేదు. సాయంకాలము ఐదుగంటలకు మెట్లమీద ఆరుగురు పిల్లల అడుగులచప్పుడు వినబడును, అది లేచి పోవును.

మా ఆడపడుచు టెక్సాసులో డల్లాసు దగ్గర ఫ్రిస్కో అను ఊర నున్నది. అమెరికాలో ప్రభుత్వపు బడి ఇంటి చిరునామానుబట్టి నిర్ణయమగును. ఇంటిపన్నులోనుండియు బడులకు ధనము వచ్చును. కనుక అచటివారు ముందు బడిని చూచి, తరువాత ఆ బడి పరిధిలో ఇల్లు వెదకుదురు. మా ఆడపడుచు భర్తయు అట్లే చేసెను. బడి శ్రేష్ఠమైనది, కార్యసిద్ధి హనుమంతుని గుడి ఆ యూరనే యున్నది, వీధినిండ తెలుగువారే. అయినను మొదటి యేడంతయు ఆమె ఫోనులో ఏడ్చుచుండెను. కారు నడుపుట రాదు. నడిచిపోయి చేరదగినది ఏదియు లేదు. ఆమెకు ఉద్యోగము చేయు అనుమతియు అప్పటికి లేదు. మబేలా ప్రహరీకి బదులు అచట పచ్చగడ్డి, అంతియే. సింగపూరున ఇది కొంత వేరు. ప్రభుత్వము కట్టించిన భవనములలో ఒక్కొక్క జాతివారు ఇంతకు మించరాదని 1989నుండి నియమముండుటచే అన్నివిధముల పొరుగువారును కలసియుందురు. రైలు, అంగడి, ఆటస్థలము క్రిందనే యుండును. అచట కాపురమున్న మా మేనత్తకూతురు కిరాయి ధరలను గూర్చి తప్ప మరి దేనిని గూర్చియు ఫిర్యాదు చేయగా వినలేదు.

2019 మే నెలలో మేము తిరిగి వచ్చితిమి. అప్పు తీరినది. తొలుత అనుకొన్నదానికంటె ఆలస్యముగా తీరినది, ఇది దాచుటెందుకు? అత్తగారు రెండు వానకాలములు కారు కప్పుక్రింద గిన్నెలు పెట్టుకొని గడిపిరి. మేము వచ్చినపిదప నేయించిన కప్పుక్రింద ఆమె ఏడాదిన్నర మాత్రమే ఉండిరి. ఆ డెబ్బది రియాలులు సద్వినియోగమైనవని మా వారు ఇప్పుడు అందరితో చెప్పుదురు. మేము ఆ మాట వచ్చినపుడు ఊరకుందుము. మబేలా ముసలమ్మ మనుమరాలు నేటికిని రంజాను పండుగకు ఫోనులో శుభాకాంక్షలు పంపును. మేము ఉగాదికి పంపుదుము.

మా వీధి సోదరి ఆ సాయంకాలము పోయినది గాని మరుసటి శనివారము మరల వచ్చినది. మేము చెప్పినట్లు ఆమె పెనిమిటిచేత ఇంటి గడపనుండి దగ్గరి కిరాణాదుకాణమువరకు నడుచుచు సెల్‌ఫోనులో వీడియో తీయించినది. అరుగుమీద కూర్చుండి ఇద్దరము చూచితిమి. పండ్రెండు నిమిషములు పట్టినది. రస్తా దాటవలసిన పని లేదు, అది మేలు. కాలిబాటయు నున్నది. కాని ఆ పండ్రెండు నిమిషములలో ఒక పిల్లి తప్ప మరియొక ప్రాణి కనబడలేదు.

"ఎవరూ లేరు గదా అక్కా" అని ఆమె మెల్లగా అన్నది.

ఏ వేళ తీసినారో అడుగుమంటిమి. మధ్యాహ్నము రెండుగంటలకట. ఆ దేశమున ఆ వేళ ఎవ్వరును బయటికి రారు. సాయంకాలము ఆరుగంటలకు ఒకసారి, ఉదయము పదిగంటలకు ఒకసారి మరల తీయుమని చెప్పించితిమి. వానితోబాటు ఆ భవనపు మెట్లమీద పిల్లల చెప్పులున్నవేమో చూచి చెప్పుమనియు ఆమె తనంత తానే చేర్చినది.